చైత్రంలో అమ్మి శ్రావణంలో కొనే తెలివి

ఎండలు ముదిరే వేళకు అనంతపురం పల్లెల్లో ఏటా ఒక సలహా తిరుగుతుంది. మేత లేదు, బోర్లలో నీళ్లు లేవు, పాలు తగ్గిపోయాయి, ఇక గొడ్లను మేపడం శుద్ధ దండగ. ఉన్నవాటిని సంతకు తోలి డబ్బు చేసుకో, వానలు పడ్డాక మళ్లీ కొనుక్కో. ఇదీ ఆ సలహా. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఫోనులో ఇదే అంటాడు: "నాయనా, ఆ రెండు ఎనుముల కోసం నువ్వూ అమ్మా ఎండలో ఎందుకు చస్తారు, తోలేయ్ సంతకి." కిస్తీ కోసం వచ్చిన బ్యాంకు మనిషీ అదే అంటాడు. టీవీ చర్చలో కూర్చున్న నిపుణుడు మరో మెట్టు ఎక్కి, కరువు సీమకు అసలు పాడే తగదని తేల్చేస్తాడు. సంతలో దళారి సంగతి సరేసరి. ఈ నలుగురిలో తన సలహా వల్ల ఎవరికి లాభమో పక్కాగా తెలిసినవాడు దళారి ఒక్కడే.

మిగిలిన ముగ్గురూ చెడ్డవాళ్లు కాదు. వాళ్లు చెప్పేదాంట్లో కళ్లకు కనబడే నిజం కొంత ఉంది. అనంతపురం సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అందులోనూ పెద్దవాటా ఆగస్టు తర్వాతే పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గట్ల మీద పచ్చిక మాడి చాలాకాలం అయి ఉంటుంది. దసరాకు పూటకు మూడు లీటర్లు ఇచ్చిన ఎనుము, అంటే గేదె, ఉగాదికి లీటరు ఇస్తే గొప్ప. చైత్రమాసపు జమాఖర్చు ఒక్కటే చూస్తే పశువు నష్టమే. అయితే పాడి పశువు జమాఖర్చును నెలవారీగా చూడాలని ఎవరు చెప్పారు? వేరుశనగ పంటకు ఆషాఢం ఒక్కదాని లెక్క తీస్తే అదీ నష్టమే. విత్తనం, ఎరువు, కూలీ అన్నీ ఖర్చే, రాబడి సున్నా. అంతమాత్రాన విత్తిన చేను అమ్మేయమని రైతుకు ఎవరూ చెప్పరు. గొడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ఈ విపరీతపు గణితం సహజంగా తోస్తుంది.

ఎనుము కడుపు నడిచే తీరు తెలిస్తే ఈ లెక్క ఎక్కడ తప్పిందో బోధపడుతుంది. ఆవులా కాదు, ఎనుముకు కాలం పట్టింపు ఉంది. ఎండ ముదిరితే ఎదకు వచ్చినా అరవదు, పైకి తెలియనివ్వదు. పొద్దు తగ్గి చలి తగిలే రోజుల్లో బాగా ఎదకు వస్తుంది. అందుకే ఎక్కువ ఎనుములు అక్టోబరు నుంచి జనవరి లోపు కట్టుతాయి. సూడి కాలం సుమారు 310 రోజులు. అంటే కార్తీకంలో కట్టిన ఎనుము మరుసటి భాద్రపదం చుట్టుపక్కల ఈనుతుంది. చైత్రంలో అది ఐదు నెలల సూడితో ఉంటుంది. పాలు తగ్గింది జబ్బు చేసో, పనికిరాకో కాదు. కిందటి ఈత పాలు చివరికి వచ్చాయి కాబట్టి, కడుపులో రాబోయే ఈత పెరుగుతోంది కాబట్టి. చైత్రంలో ఎనుమును అమ్మేవాడు తగ్గిన పాలను అమ్మడం లేదు. ఐదు నెలల్లో రాబోయే నిండు పొదుగును, వెంట వచ్చే దూడను, తగ్గిన పాల ధరకు అమ్ముతున్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఈ సలహాదారులు ఎవరూ ఎత్తరు. కడుపులో దూడ బరువులో సుమారు మూడింట రెండు వంతులు చివరి మూడు నెలల్లోనే పెరుగుతుంది. కార్తీకంలో కట్టిన ఎనుముకు ఆ చివరి మూడు నెలలు ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పడతాయి. ఒక మోస్తరు వాన పడితే అప్పటికి గట్ల మీద పచ్చిక లేస్తుంది. మధ్యలో ఉన్న చైత్ర వైశాఖాల్లో దానికి కావలసింది పాలు పిండే మేపు కాదు. ఒళ్లు పోకుండా, కడుపు నిలిచేలా పెడితే చాలు. సంవత్సరం మొత్తంలో సూడి ఎనుమును అతి తక్కువ మేపుతో నిలబెట్టగలిగేది సరిగ్గా ఈ ఎండాకాలంలోనే. అమ్మేయమంటున్నదీ సరిగ్గా అప్పుడే.

సరే, డబ్బు లెక్కకే వద్దాం. నేను ధరలు చెప్పను. సంతను బట్టి, ఏడును బట్టి మారతాయి, మీ సంత ధర మీకే తెలుసు. లెక్క నడిచే దారి మాత్రం ఒకటే. నాలుగు వందల కిలోల ఎనుముకు రోజుకు సుమారు పది కిలోల ఎండు పదార్థం కావాలి. అందులో ఎండుగడ్డి ఏడెనిమిది కిలోలు, మిగతాది తవుడు, చెక్క, దొరికిన ఆకూ అలమూ. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలకు ఒక ఎనుముకు ఎండుమేత ఒక టన్ను. ఆ టన్నును కార్తీకంలో కళ్లం దగ్గర కొంటే ఎంత అవుతుందో ఒక కాగితం మీద రాయండి. దానికి తవుడు, చెక్క ఖర్చు కలపండి. పక్కనే, మీ ఎనుముకు చైత్రంలో సంతలో పలికే ధర రాయండి. దాని కింద అలాంటి సూడి ఎనుమునే శ్రావణంలో కొనాలంటే ఎంత అడుగుతారో రాయండి. చైత్రంలో ఊరంతా అమ్మేవాళ్లే, శ్రావణంలో ఊరంతా కొనేవాళ్లే. ఆ రెండు ధరల మధ్య తేడాను మేత ఖర్చుతో పోల్చి చూడండి. ఈ కాగితం రాసి చూసిన తర్వాత కూడా అమ్మడమే లాభమని తేలితే, ఆ ఎనుమును నిజంగానే అమ్మాలి. కానీ అది చైత్రానికి ముందే తేలాల్సిన విషయం.

కొన్న ఎనుము అమ్మిన ఎనుము కాదు, ఇది మరో లోటు. సంతలో కొనేటప్పుడు పొద్దున పిండకుండా పాలు నిలిపి పొదుగు నింపి చూపిస్తారు. సూడి అంటారు, ఎన్ని నెలలో ఒట్టు పెట్టి మరీ చెబుతారు. పొదుగువాపు ఉన్నదీ లేనిదీ ఇంటికి తెచ్చి వారం పిండితే గానీ తెలియదు. గాలికుంటు సంతలో అంటుకుని ఇంట్లో బయటపడుతుంది. ఈడ్చుకుపోయే బ్రూసెల్లా లాంటి రోగమైతే ఈత వెళ్లిపోయాక గానీ కనబడదు. ఇంట్లో పుట్టి పెరిగిన పశువుకు ఏ చెయ్యి పిండితే సేపు వస్తుందో ఇంటి ఆడమనిషికి తెలుసు. దాని ఎద, దాని అలకలు, అది తిననిది అన్నీ తెలుసు. ఆ తెలివిడికి సంతలో ధర లేదు. పెయ్యలను అమ్ముకున్నవాళ్ల నష్టం ఇంకా పెద్దది. ఎనుము పెయ్య మొదటి ఈతకు రావడానికి మన పల్లె మేపు మీద మూడున్నర నుంచి నాలుగేళ్లు పడుతుంది. ఒక చైత్రంలో అమ్మిన రెండేళ్ల పెయ్యతో రెండేళ్ల మేపు ఖర్చు పోతుంది. మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టాలంటే మరో రెండేళ్లు. విత్తనానికి దాచిన బుడ్డలను, అంటే వేరుశనగ కాయలను, ఎండాకాలంలో అమ్ముకుని, వాన పడ్డాక విత్తనం కోసం అప్పు చేసే పని ఇది. బుడ్డల విషయంలో ఆ పొరపాటు ఎంత ఖరీదో సీమ రైతుకు వివరించనక్కర్లేదు.

అమ్మిన డబ్బు ఎటు పోతుందో కూడా అడగాలి. పాలబిల్లు పదిహేను రోజులకోసారి చిన్నచిన్న మొత్తాలుగా వస్తుంది. చాలా ఇళ్లలో అది ఆడవాళ్ల చేతికి వస్తుంది. ఉప్పు, పప్పు, పిల్లల ఫీజు, మందులు ఆ డబ్బుతోనే. పంట పోయిన ఏడు ఇల్లు నడిపేది ఆ డబ్బే. పశువు అమ్మితే ఒక్కసారిగా వచ్చే మొత్తం మగవాడి చేతికి వస్తుంది, వచ్చిన రోజే అప్పులవాళ్లు గుమ్మంలో ఉంటారు. శ్రావణంలో పశువు కొనడానికి ఆ మొత్తం ఇంకా అక్కడే ఉంటుందని నమ్మేవాళ్లు పల్లె ఇళ్లను దూరం నుంచి చూసినవాళ్లే. "మళ్లీ కొనుక్కోవచ్చు" అనే మాటలో అసలు అబద్ధం ఇక్కడుంది. అమ్మినవాళ్లలో చాలామంది మళ్లీ కొనరు. కొనలేరు. ఆ ఏడుతో ఆ కొట్టం ఖాళీ.

ఇక నీళ్ల వాదన. లీటరు పాలకు వెయ్యి లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని పట్నపు వ్యాసాల్లో తరచూ కనబడుతుంది. కరువు సీమలో పాడి నేరం అన్నట్టుగా దాన్ని వాడుతుంటారు. ఆ వెయ్యి లీటర్లలో పెద్దభాగం మేత పండిన నేల మీద కురిసిన వాన. వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, కంది పొట్టు ఇవన్నీ మనిషి తిండి కోసం వేసిన పంట వెంట వచ్చేవే. ఎనుము తినకపోయినా ఆ వాన కురిసేదే, ఆ కట్టె మిగిలేదే. బోరు నుంచి పశువుకు నేరుగా అందేది తాగే నీళ్లు, తడిపే నీళ్లు. తాగడానికి ఎండాకాలంలో రోజుకు 60 లీటర్లు అనుకుందాం. నాలుగు నెలలకు 7,200 లీటర్లు. ఒక ఎకరానికి 40 మిల్లీమీటర్ల తడి ఒక్కటి పెడితే లక్షా అరవై వేల లీటర్లు పోతాయి. ఎకరా చేనుకు ఒక్క తడి పెట్టే నీళ్లతో ఇరవైకి పైగా ఎనుములు ఎండాకాలం అంతా తాగుతాయి. ఈ లెక్క చూశాక నీళ్ల పేరుతో ఎనుమును తిట్టేవాళ్లు తిట్టాల్సింది వేరే చోట. బోరు కింద ఎకరాలకు ఎకరాలు నేపియర్ గడ్డి పెంచి, పెద్ద పాల జాతి ఆవులను కట్టేసి, చల్లదనానికి ఫ్యాన్లు తిప్పే ఫారాల మీద ఆ విమర్శ నిజమే. ఆ ఫారాలను చూసి రెండు ఎనుముల ఇంటికి శిక్ష వేయకూడదు.

అసలు విషయం మేత. ఇక్కడ మాత్రం నేను రైతు పక్షాన కూడా నిలబడలేను. ఏప్రిల్లో మేత లేకపోవడం ఏప్రిల్లో పుట్టిన సమస్య కాదు. అది కార్తీక మార్గశిరాల్లో పుడుతుంది. వేరుశనగ పీకి కాయ కొట్టుకున్నాక కట్టెను కళ్లంలోనే కొందరు వచ్చిన ధరకు అమ్మేస్తారు, కొందరు కుప్పగా వేసి వదిలేస్తారు. ఆ కుప్ప మీద ఈశాన్య రుతుపవనపు వాన ఒక్కటి పడితే చాలు, కింద నల్లబడి బూజు పడుతుంది. బూజు పట్టిన కట్టె మేత కాదు, విషం. ఆకు రాలకుండా ఎండబెట్టి, ఎత్తుగా అరుగు మీద వామి వేసి, పైన కప్పుకుంటే ఇంతకంటే మంచి ఎండుమేత సీమలో లేదు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం ఉంటే కట్టెలో అంతకు రెట్టింపుకు పైగా ఉంటాయి. మరోవైపు, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) ఆయకట్టులో, కేసీ కాలువ కింద వరి కోసే హార్వెస్టర్ గడ్డిని చేనంతా చిమ్మిపోతుంది. ఏరుకోవడానికి కూలి గిట్టదని చాలాచోట్ల అగ్గిపెట్టేస్తారు. ఒక తాలూకాలో గడ్డి కాలుతుంటుంది, పక్క తాలూకాలో ఆరు నెలల తర్వాత గడ్డి లేదని ఎనుము సంతకు నడుస్తుంది. దీన్ని కరువు అనడం వానను నిందించడమే.

వరిగడ్డి తప్ప మరేదీ లేని ఇంటికీ దారి ఉంది, ఇది దశాబ్దాలుగా వ్యవసాయ పుస్తకాల్లో ఉన్నదే. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో కలిపి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా పట్టాతో కప్పి మూడు వారాలు ఉంచాలి. గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తుల విలువ రెట్టింపు దాకా పెరుగుతుంది. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియాను తాగే నీళ్లలో కలపడం మాత్రం ప్రాణాంతకం, ఇది మరచిపోయి గొడ్లను పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. జొన్న చొప్పను చాఫ్ కట్టర్‌తో ముక్కలు కొడితే మొదళ్లు కూడా తింటాయి, కొట్టకపోతే ఆకు నాకి కాండం కాళ్ల కింద తొక్కుతాయి. ఇక అజొల్లా గురించి. ఏ ఎండాకాలపు శిక్షణ తరగతికి వెళ్లినా అజొల్లాయే మొదలు. పచ్చగా ఉంటుంది, ఫొటోకు బాగుంటుంది. నలభై డిగ్రీల ఎండలో నీడ లేని తొట్టిలో అది పసుపుపచ్చగా మారి కుళ్లుతుంది. రోజుకు కిలో రెండు కిలోలు కలిపి పెట్టడానికి మంచిదే, ఎండుమేత లోటును అది తీరుస్తుందని చెప్పడం మోసం.

ఎండ దెబ్బ గురించి కూడా ఒక అపోహ ఊరేగుతోంది. దేశీ పశువు అయితే ఎండను లెక్కచేయదు, కాబట్టి దానికి ఏదీ అక్కర్లేదట. ఎండను ఓర్చుకోవడం వేరు, ఆకలిని ఓర్చుకోవడం వేరు. మూపురమున్న ఆవు వేడిని విదేశీ రక్తం ఆవుకంటే బాగా తట్టుకుంటుంది, నిజం. ఎనుము కూడా ఈ నేలదే, కానీ దాని నల్లటి తోలు వేడి పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు ఆవు కంటే చాలా తక్కువ. చెరువు ఎండితే మునగడానికి నీళ్లుండవు, కనుక మధ్యాహ్నం రెండు మూడుసార్లు చెంబులతోనైనా ఒంటి మీద నీళ్లు పోయాల్సిందే. రేకుల షెడ్డు కింద ఎనుమును కట్టేసి నీడలో పెట్టామనుకోవడం పొరపాటు, రేకు కింద బయటికంటే ఉక్క ఎక్కువ. పైన కొబ్బరి మట్టలో, జొన్న దంట్లో పరచాలి, లేదా సున్నం కొట్టాలి. కానుగ చెట్టు నీడ ఉంటే ఆ షెడ్డే అక్కర్లేదు. ఎండుమేత అరిగేటప్పుడు కడుపులో వేడి పుడుతుంది, అందుకే దాన్ని రాత్రికీ తెల్లవారుజాముకీ పెట్టి, మిట్టమధ్యాహ్నం గాడిలో గడ్డి వేయకుండా ఉండాలి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. ఇంట్లో మనిషి ఉంటే అయిపోయేవి. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. తొలకరికి లేత జొన్న కనబడగానే గొడ్లను వదలకూడదు. వాడి, తర్వాత ఒక్క జల్లుకు మళ్లీ చిగిర్చిన లేత జొన్నలో సయనైడు విషం ఉంటుంది. నాము, అంటే ఆ విషపు చిగురు, తిన్న గొడ్డు నిమిషాల్లో పడిపోతుంది. ఎండాకాలం అంతా కాపాడుకున్న పశువును ఆ ఒక్క పూట పోగొట్టుకుంటారు.

ఎన్ని పశువులున్నా అన్నీ ఉంచుకోవాలని నేను అనడం లేదు. ఉన్న వామికి మించి కొట్టంలో తలలు ఉంటే ఎక్కువైనవాటిని వదులుకోవలసిందే. రెండు ఎదలు దాటినా కట్టనివి, పొదుగు పాడైనవి, ముసలివి. వాటికి సగం మేత పెట్టి, సూడిదానికీ సగమే పెడితే రెండూ పోతాయి. సగం మేపుతో బక్కచిక్కిన ఎనుము ఈనుతుంది కానీ నెలల తరబడి ఎదకు రాదు, మరుసటి ఈత ఏడాది దూరం జరుగుతుంది. కానీ ఈ వదులుకోవడం వామి వేసిన మరునాడు జరగాలి, కార్తీకంలో, పశువు ఒళ్లు మీదున్నప్పుడు, సంతలో ధర ఉన్నప్పుడు. చైత్రపు సలహాదారు కూడా అమ్మమనే అంటున్నాడు, నేనూ అమ్మమనే అంటున్నాను. మా ఇద్దరి మధ్య ఐదు నెలల తేడా ఉంది. ఆ ఐదు నెలల్లో ధర పోతుంది, మేతా పోతుంది, చివరికి పనికిరానిది కాకుండా సూడిదే సంతకు పోతుంది, ఎందుకంటే అప్పటికి ధర పలికేది అదొక్కటే.

ప్రభుత్వాలదీ ఇదే తప్పు. సీమలో కరువు వచ్చిన ఏడల్లా రాయితీ దాణా, గడ్డి సరఫరా ఎండలు ముదిరాకే కదులుతాయి. 2013లో, మళ్లీ 2019లో మహారాష్ట్రలో పశుగ్రాస శిబిరాలు పెట్టారు. కుటుంబాలు పశువులతో పాటు నెలల తరబడి ఆ శిబిరాల్లోనే బతికాయి. అది ఆపద్ధర్మం, ఆ ఏళ్లలో అది లేకపోతే లక్షల పశువులు పోయేవి, కాదనను. అయితే మే నెలలో లారీల మీద తెచ్చే గడ్డి ఖర్చు కంటే తక్కువతో, డిసెంబరులో డెల్టా కళ్లాల్లో బేలర్లతో కట్టలు కట్టించి మండల కేంద్రంలో గోదాములో పెట్టవచ్చు. ఊళ్లలో ఉపాధి హామీ కింద కట్టిన పశువుల నీటి తొట్లు చాలాచోట్ల ఎండి పగుళ్లిచ్చి కనబడతాయి. తొట్టి కట్టడానికి బిల్లు వస్తుంది, నింపడానికి బిల్లు రాదు కాబట్టి.

బ్యాంకుల గురించి కూడా ఒక మాట. పశువు కొనడానికి అప్పులిచ్చే పథకాలు అందరికీ తెలుసు, వాటికి మేళాలు కూడా పెడతారు. ఉన్న పశువును నిలబెట్టడానికి అప్పు ఉందని తెలిసినవాళ్లు తక్కువ. కిసాన్ క్రెడిట్ కార్డును పాడి పశువులకు, చేపలకు వర్తింపజేస్తూ 2018-19 బడ్జెట్లో ప్రకటించారు, 2019లో రిజర్వు బ్యాంకు ఉత్తర్వులు ఇచ్చింది. మేత, దాణా, మందుల ఖర్చుకు రెండు లక్షల దాకా వడ్డీ రాయితీతో తీసుకోవచ్చు. సకాలంలో కడితే వడ్డీ నాలుగు శాతమే పడుతుంది. కార్తీకంలో ఎండుమేత కొని వామి వేయడానికి ఇంతకంటే చవకైన డబ్బు దొరకదు. కిస్తీ కోసం వచ్చి ఎనుమును అమ్మమని సలహా ఇచ్చే బ్యాంకు మనిషిని, ముందు ఈ కార్డు గురించి చెప్పమని అడగాలి.

ఈ కార్తీకంలో కళ్లం నుంచి కట్టె వచ్చిన రోజు వామిని కొలవండి. కొట్టంలో ఉన్నవాటిని లెక్కపెట్టి, నాలుగు నెలలకు తలకు టన్ను చొప్పున సరిపోతుందో లేదో చూడండి. చాలకపోతే ఆ వారంలోనే మేత కొనండి, లేదా పనికిరానిదాన్ని ఆ వారంలోనే అమ్మండి. అది చేసిన ఇంటికి చైత్రంలో దళారి వస్తే, చూపించడానికి వామి ఉంటుంది, అమ్మడానికి ఎనుము ఉండదు.